‘ఈ రంగు బాగా పోతుంది’: రన్ అనే మాటకు ఎన్ని అర్థాలు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. మెరూన్ రంగు కాటన్ గురించి ఒక హోల్‌సేల్ వ్యాపారి వాట్సాప్‌లో "దిస్ కలర్ మే రన్" అని ఇంగ్లీషులో పంపించాడు. మా దగ్గర రన్నింగ్ ఐటమ్ అంటే బాగా అమ్ముడయ్యే సరుకు. అదే అనుకొని మామూలుగా తెప్పించే దానికంటే ఇరవై తాన్లు ఎక్కువ తెప్పించాం. పది రోజులు కూడా కాకముందే కొన్నవాళ్ళు వచ్చి, తెల్ల లైనింగంతా ఎర్రగా అయిందని చూపించి పోయారు. ఇంటర్ చదివే మా అమ్మాయి నిఘంటువు తీస్తే రన్ అనే ఒక్క మాటకే పేజీల కొద్దీ అర్థాలున్నాయి. అరవై అర్థాలు నోటుబుక్కులో రాసుకొని బట్టీ పడుతోంది. కానీ కొత్త వాక్యం వస్తే అందులో ఏది పెట్టాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు. దీనికేమన్నా పద్ధతి ఉందా?
ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పద్ధతి ఉంది. నోటుబుక్కు సంగతి తర్వాత చూద్దాం. మిగిలిన తాన్లు ఇంకా మీ అంగట్లోనే ఉన్నాయి కాబట్టి ముందు ఆ మెరూన్ గుడ్డ సంగతి.

"దిస్ కలర్ మే రన్" అంటే ఈ రంగు నీళ్ళలో దిగి పక్కనున్న గుడ్డకు అంటుకోవచ్చు అని హెచ్చరిక. మీరు దాన్ని అమ్మకం గురించిన మాటగా చదివారు. ఆ పొరపాటు ఎవరికైనా జరిగేదే. ఎందుకో తెలుగులోనే చూడండి. "ఈ రంగు బాగా పోతుంది" అని మీ అంగట్లో గుమాస్తా అంటే గిరాకీ ఉందని అర్థం. ఇంట్లో బట్టలుతికేవాళ్ళు అదే మాట అంటే వెలిసిపోతుందని అర్థం. మాటలో ఒక్క అక్షరం మారలేదు, అయినా ఈ రెండింటి మధ్య మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తికమక పడి ఉండరు. ఎవరు అంటున్నారు, దేని గురించి అంటున్నారు, పక్కన ఏ మాట ఉంది అని మనసు తనంతట తానే చూసుకుంటుంది. రన్ దగ్గర కూడా చేయాల్సింది అదే. తెలుగులో తెలియకుండా చేసేది ఇంగ్లీషులో కొన్నాళ్ళు తెలిసి చేయాలి, అంతే తేడా.

ఆ వాక్యంలో అసలు ఆనవాలు "మే" అనే చిన్న మాట. సరుకు మెచ్చుకొని అమ్మేవాడు "జరగవచ్చు" అనడు, "బాగా పోతుంది" అని గట్టిగా చెప్తాడు. "మే" కనపడిందంటే చాలాసార్లు అది జాగ్రత్త చెప్పే వాక్యమే. రెండో ఆనవాలు, ఇలాంటి సందేశాల్లో దగ్గర్లోనే "వాష్ సెపరేట్లీ" అనో "ఫస్ట్ వాష్ ఇన్ కోల్డ్ వాటర్" అనో ఉంటుంది. మీకొచ్చిన సందేశాన్ని మళ్ళీ తెరిచి పైనా కిందా చూడండి. ఇంకో సంగతి: రన్నింగ్ ఐటమ్, రన్నింగ్ కలర్, రన్నింగ్ సైజ్ అనేవి మన దేశపు బజారు మాటలు. ఇక్కడ అందరికీ అర్థమవుతాయి, వాటిలో తప్పేమీ లేదు. కానీ పుస్తకాల ఇంగ్లీషులో దానికి "ఫాస్ట్ మూవింగ్" అంటారు, లేదా "సెల్లింగ్ వెల్" అంటారు. పై ఊరి వ్యాపారికి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ రెండింట్లో ఒకటి వాడితే ఇద్దరికీ ఒకే అర్థం తగులుతుంది.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. రంగు వదలని గుడ్డను "ఫాస్ట్ కలర్" అంటారు. ఫాస్ట్ అంటే వేగం అని మాత్రమే తెలిసినవాళ్ళు ఇది తొందరగా పోయే రంగు అనుకుంటారు. ఫాస్ట్‌కు పాత అర్థం గట్టిగా పట్టుకొని ఉండటం. గుండీ పెట్టుకోవడాన్ని "ఫాసెన్" అనడం, గాఢనిద్రను "ఫాస్ట్ అస్లీప్" అనడం ఆ అర్థంలోంచి వచ్చినవే. కాబట్టి గుడ్డల లోకంలో ఫాస్ట్ అయిన రంగు రన్ కాదు, రన్ అయ్యే రంగు ఫాస్ట్ కాదు. రెండు మాటలకూ వేగంతో సంబంధం లేదు.

మిగిలిన తాన్లను అమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. తాను చివర్లో రెండంగుళాల ముక్క కత్తిరించండి. దాన్ని అంతే సైజు తెల్ల కాటన్ ముక్కతో కలిపి కుట్టండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా బట్టల సోడా పొడి కలిపి, అందులో అరగంట నానబెట్టండి, మధ్యలో రెండు మూడుసార్లు పిసకండి. తీశాక రెండు ముక్కలనూ విడదీయకుండా, ఒకదాని మీద ఒకటి ఉండగానే ఆరనివ్వండి. చాలామంది నీళ్ళ రంగు చూసి తీర్పు చెప్పేస్తారు, అది చాలదు. నీళ్ళు ఎర్రబడినా తెల్ల ముక్క తెల్లగానే ఉండొచ్చు. నీళ్ళు తేటగా కనిపించినా తడి మీద ఒకదానికొకటి ఆనుకొని ఆరేటప్పుడు రంగు దిగొచ్చు. మీ ఖాతాదారుల లైనింగ్ పాడైంది బహుశా అలాగే. అద్దకంలో నూలుకు పట్టకుండా పైపైన మిగిలిపోయిన రంగే ఇలా వదులుతుంది. మెరూన్, ముదురు ఎరుపు, నేవీ బ్లూ, నలుపు లాంటి వాటిలో రంగు ఎక్కువ పట్టిస్తారు కాబట్టి మిగిలేదీ ఎక్కువ. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందనే మాట అందరూ చెప్తారు, మిల్లు అద్దకాలకు దాన్ని నమ్ముకోవద్దు. పరీక్షలో తెల్ల ముక్కకు రంగు అంటితే ఆ గుడ్డకు తెల్ల లైనింగ్ అమ్మకండి, "విడిగా ఉతకాలి" అని చీటీ పెట్టి అమ్మండి.

ఇక అమ్మాయి అడిగిన అసలు ప్రశ్న. ఒక్క మాటకు అన్ని అర్థాలు ఎందుకు?

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీ వాళ్ళు ఈ మాటను మళ్ళీ సవరించినప్పుడు క్రియగా ఒక్కదానికే 645 అర్థాలు తేలాయని 2011లో బయటికొచ్చింది. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు దానికి తొమ్మిది నెలలు పట్టింది. అంతకు ముందు, 1989 నాటి రెండో కూర్పులో అగ్రస్థానం "సెట్" అనే మాటది, 430 అర్థాలతో. కాబట్టి అరవై దగ్గర ఆగిన మీ అమ్మాయి లెక్క పదోవంతు కూడా కాదు. బట్టీ పట్టి ఎవరూ దాటలేని ఏరు ఇది.

కానీ ఆ 645 వేర్వేరు ముక్కలు కావు. పాత ఇంగ్లీషులో దీని పూర్వరూపం "రిన్నన్". మనిషి పరుగెత్తడం, నీళ్ళు పారడం రెండూ మొదట్నుంచీ దీని అర్థాలే. జర్మన్‌లో ఈనాటికీ "రిన్నెన్" అంటే పారడం. ఇది విని ఆశ్చర్యపోనక్కర్లేదు, మన "పారు" కూడా సరిగ్గా ఇలాంటిదే. కాలవ పారుతుంది, దొంగ పారిపోతాడు. "వాడి పాచిక పారలేదు", "చూపు పారినంత మేర", "ఈ బోరు మూడెకరాలు పారుతుంది" అంటాం. కదలిక ఆగకుండా ముందుకు సాగడమే వీటన్నిటి ప్రాణం. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కూర్చిన నిఘంటువులో పారు అనే మాట తీస్తే పరుగు, ప్రవాహం రెండర్థాలూ కనిపిస్తాయి. కడప ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయానికి అమ్మాయిని ఒకసారి తీసుకుపోండి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు రెండు వైపులా ఒకే మాటను వెతికి చూస్తే, ఏ అర్థం దేని పక్కన కూర్చుందో గంటలో తెలుస్తుంది.

పద్ధతి ఇది. వాక్యంలో రన్ కనపడగానే మొదట "రన్ అవుతున్నది ఏది?" అని అడగాలి. తర్వాత దాని వెనక ఏదైనా వస్తువు పేరు ఉందా, అంటే ఎవరో దేన్నో రన్ చేస్తున్నారా అని చూడాలి. చివరికి అవుట్, ఇన్‌టు, ఓవర్ లాంటి తోక మాట అతుక్కొని ఉందేమో చూడాలి. ఈ వరసలోనే చూడాలి, ఎందుకంటే చాలా వాక్యాలు మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

రన్ అవుతున్నది కాళ్ళున్నదైతే పరుగు, అందులో చెప్పేదేమీ లేదు. ద్రవమైతే తెలుగులో పారు, కారు, దిగు అనే మూడు మాటల్లో ఒకటి వచ్చి కూర్చుంటుంది. "ద ట్యాప్ ఈజ్ రన్నింగ్" అంటే కుళాయి వదిలేసి ఉంది, నీళ్ళు కారిపోతున్నాయి. ఎర్రగడ్డలు తరిగేటప్పుడు "మై ఐస్ ఆర్ రన్నింగ్" అంటే కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ముక్కు కారడానికి "మై నోస్ ఈజ్ రన్నింగ్" అనాలి, జబ్బు పేరుగా చెప్పేటప్పుడు "రన్నీ నోస్". మనం అలవాటుగా అనే "రన్నింగ్ నోస్" డాక్టరుకు అర్థమవుతుంది, పరీక్ష పేపర్లో మాత్రం వద్దు. మీ మెరూన్ రంగు ఈ కుటుంబంలోదే. తడి తగిలి అలుక్కుపోయే ఇంకు కూడా.

యంత్రమైతే ఆడటం, తిరగడం. "ద మోటర్ ఈజ్ రన్నింగ్ బట్ నో వాటర్ ఈజ్ కమింగ్" అనే వాక్యం ఎండాకాలంలో అనంతపురం జిల్లా రైతుకు ఏ నిఘంటువూ లేకుండా అర్థమవుతుంది. మోటరు ఆడుతోంది, నీళ్ళు రావడం లేదు. దీన్నే "డ్రై రన్" అంటారు. బోరులో దించిన మోటరుకు చుట్టూ ఉండే నీళ్ళే చల్లదనం. ఆ నీళ్ళు లేకుండా ఆడితే వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది, అందుకే స్టార్టర్ పెట్టెలో డ్రై రన్ కాపుదల పెడతారు. అదే డ్రై రన్ ఆఫీసు మాటగా వస్తే, అసలు పని మొదలుకాక ముందు చేసే ఉత్తుత్తి నమూనా. 2021 జనవరిలో కోవిడ్ టీకా మొదలయ్యే ముందు దేశమంతా డ్రై రన్ చేశారు. సూదీ మందూ లేకుండా వరసలు, నమోదు, గదులు అన్నీ నడిపి చూశారు. ఒకదాంట్లో నీళ్ళు లేవు, ఇంకోదాంట్లో మందు లేదు. అసలు సరుకు లేకుండా ఆడటం అనే పోలిక రెండింట్లోనూ ఉంది. ఇలా పోలిక ఒక్కసారి పట్టుకుంటే రెండర్థాలూ ఒకదానికొకటి గుర్తు చేస్తాయి.

దారి, గోడ, కాలవ లాంటి కదలనివి రన్ అవుతున్నాయని రాసి ఉంటే పిల్లలు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. "ద కేసీ కెనాల్ రన్స్ ఫ్రమ్ సుంకేసుల టు కడప" అనే వాక్యం చూడండి. ఇక్కడ రన్ అంటే నీళ్ళు పారడం కాదు, కాలవ అక్కడి నుంచి ఇక్కడి దాకా ఉంది అని. మూడు వందల కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ కాలవలో చుక్క నీరు లేని రోజున కూడా ఈ వాక్యం నిజమే. "వాటర్ ఈజ్ రన్నింగ్ ఇన్ ద కెనాల్" అంటే మాత్రం నీళ్ళు వదిలిన రోజునే నిజం. రూపం కూడా గమనించండి. కదలనివాటికి "రన్స్" అని సాదా వర్తమానం వస్తుంది. "ద రోడ్ ఈజ్ రన్నింగ్ టు మైదుకూరు" అని రాస్తే రోడ్డు లేచి పరుగెడుతున్నట్టు ఉంటుంది. తెలుగులోనూ "ఈ రోడ్డు మైదుకూరుకు పోతుంది" అంటాం, "పోతూ ఉంది" అనం కదా, అదే తేడా. ఇక పెన్న గురించి "ద పెన్నా హాజ్ రన్ డ్రై" అంటే ఏరు ఎండిపోయిందని. పారి పారి చివరికి ఎండిందని అందులో లోపలి భావం.

కాలం గురించైతే ఎంతవరకు నడుస్తుంది, ఎన్నాళ్ళు ఆడుతుంది అని అర్థం. "ద ఫిల్మ్ ర్యాన్ ఫర్ హండ్రెడ్ డేస్" అంటే వంద రోజులు ఆడింది. "ద లీజ్ రన్స్ ఫర్ ఎలెవెన్ మంత్స్" అంటే అంగడి బాడుగ ఒప్పందం పదకొండు నెలలు. "ఇంట్రెస్ట్ రన్స్ ఫ్రమ్ ఫస్ట్ ఏప్రిల్" అని వ్యాపారి రాస్తే ఏప్రిల్ ఒకటి నుంచి వడ్డీ ఎక్కుతుందని. చిన్నదే అయినా డబ్బు వాక్యం, చూసుకొని చదవండి.

రెండో ప్రశ్నకు వద్దాం. ఎవరో దేన్నో రన్ చేస్తున్నారంటే వెనకున్న ఆ వస్తువే అర్థం చెప్తుంది. "షి రన్స్ ఎ షాప్" అంటే అంగడి నడుపుతుంది. "హి ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్" అంటే జ్వరం కాస్తోంది. "రన్ ఎ రిస్క్" అంటే ముప్పుకు ఒడ్డుకోవడం, "రన్ ఎన్ ఎరండ్" అంటే ఎవరో చెప్పిన పని మీద పోయి రావడం. వీటిని తెలుగు క్రియతో జతకట్టి గుర్తుపెట్టుకోవాలి. అంగడికి నడుపు, జ్వరానికి కాయు. ఎన్నికల దగ్గర ఒక సరదా తేడా ఉంది. అమెరికా వాళ్ళు ఎన్నికల్లో "రన్" చేస్తారు, బ్రిటన్ వాళ్ళు "స్టాండ్" అవుతారు. మనమూ బ్రిటన్ వాళ్ళ లాగే "నిలబడ్డాడు" అంటాం. అందుకే "హి ఈజ్ రన్నింగ్ ఫర్ ఎమ్మెల్యే" అని చదివినప్పుడు మన పిల్లలకు ఎమ్మెల్యే పదవి కోసం ఎవరో ఉరుకుతున్నట్టు తోస్తుంది. అక్కడ అర్థం పోటీ చేస్తున్నాడనే.

తోక మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, మార్కులు పోయేది ఇక్కడే. "రన్ అవుట్" అంటే క్రికెట్టు వల్ల అందరికీ తెలుసు. అంగట్లో దాని అర్థం నిండుకోవడం. అందులో ఒక కిటుకు ఉంది. సరుకు కర్త అయితే "ద స్టాక్ హాజ్ రన్ అవుట్". మనుషులు కర్త అయితే "వియ్ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ స్టాక్", ఇక్కడ "ఆఫ్" తప్పదు. "వియ్ హ్యావ్ రన్ అవుట్ స్టాక్" తప్పు. "రన్ షార్ట్" అంటే నిండుకోలేదు, చాలడం లేదు. "వియ్ ఆర్ రన్నింగ్ షార్ట్ బై ట్వెంటీ మీటర్స్" అని సందేశం వస్తే ఇరవై మీటర్లు తక్కువ పడుతోందని, ఇరవై మీటర్లే మిగిలిందని కాదు. ఈ రెండూ తారుమారైతే ఆర్డరే మారిపోతుంది.

"రన్ ఇన్‌టు" తర్వాత ఏముందో చూడకుండా అర్థం చెప్పకూడదు. తర్వాత మనిషి ఉంటే అనుకోకుండా కనబడటం: "ఐ ర్యాన్ ఇన్‌టు యువర్ అంకుల్ ఎట్ కడప బస్‌స్టాండ్". చెట్టో గోడో ఉంటే ఢీకొనడం. లక్షలో కోట్లో ఉంటే అంత దాకా పోవడం. అప్పులో కష్టాలో ఉంటే వాటిలో పడటం. "రన్ ఓవర్" అంటే బండి మీద ఎక్కించడం, లెక్కల విషయంలో ఒకసారి తిరగేయడం, సమావేశం విషయంలో అనుకున్న వేళ దాటడం. "రన్ డౌన్" బ్యాటరీకి ఛార్జింగ్ దిగిపోవడం, మనిషి గురించైతే తీసిపారేసి మాట్లాడటం. "రన్ అప్ ఎ బిల్" అంటే బాకీ పెరగనివ్వడం, కానీ దర్జీ "రన్ అప్ ఎ బ్లౌజ్" అంటే గబగబా ఒక జాకెట్ కుట్టేయడం. "రన్ త్రూ" మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూసుకోవడం. "రన్ ఇట్ బై మి" అని ఎవరైనా రాస్తే చేసే ముందు నాకో మాట చెప్పు అని.

ఈ మూడు ప్రశ్నలతోనూ తేలకపోతే పర్యాయపదంతో పరీక్షించాలి. రన్ తీసేసి దాని చోట ఇంకో మాట పెట్టి వాక్యం నిలబడుతుందేమో చూడాలి. అంగడికి "మేనేజ్", యంత్రానికి "ఆపరేట్" లేదా "వర్క్", నీళ్ళకు "ఫ్లో", రంగుకు "బ్లీడ్", దారికి "ఎక్స్‌టెండ్" లేదా "గో", కాలానికి "లాస్ట్", ఎన్నికకు "కంటెస్ట్", పారిపోవడానికి "ఫ్లీ". "దిస్ కలర్ మే బ్లీడ్" అని పెట్టి చూస్తే సరిపోతుంది. "దిస్ కలర్ మే సెల్" అని పెడితే "అమ్ముడుపోవచ్చు" అన్న అనుమానపు మాటవుతుంది, ఏ వ్యాపారీ తన సరుకు గురించి అలా రాయడు. ఆ రోజు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ ఇరవై తాన్లు ఎక్కువ తెప్పించే పని తప్పేది. పర్యాయపదాలు కూడా అచ్చంగా ఒకటి కావు. పరుగులోనే "జాగ్" అంటే ఒళ్ళు కదలడానికి నింపాదిగా ఉరకడం, "స్ప్రింట్" కొద్ది దూరం ఉన్న బలమంతా పెట్టి, "డ్యాష్" ఒక్క ఉదుటున, "ఫ్లీ" ప్రాణభయంతో. ఇవి ఒకదాని బదులు ఇంకోటి పెడితే వ్యాకరణం తప్పదు గానీ బొమ్మ మారిపోతుంది.

రన్నింగ్ అనే రూపం మన దగ్గర సొంత బతుకు బతుకుతోంది. "రన్నింగ్ బస్సు ఎక్కొద్దు" అంటాం, ఇంగ్లీషులో అది "మూవింగ్ బస్". ఎందుకంటే "ద బస్ ఈజ్ రన్నింగ్" అంటే సర్వీసు నడుస్తోందని గానీ, ఇంజను ఆన్‌లో ఉందని గానీ అర్థం రావచ్చు, బస్సు నిలబడే ఉండొచ్చు. గుంతకల్లు లాంటి రైల్వే జంక్షన్లలో "రన్నింగ్ రూమ్" అని బోర్డు ఉంటుంది. లోపల ఎవరూ పరుగెత్తరు, రైలు నడిపే సిబ్బంది పడుకొని సేద తీరే గది అది. రైళ్ళ మీద పనిచేసేవాళ్ళను "రన్నింగ్ స్టాఫ్" అంటారు కాబట్టి వాళ్ళ గదికి ఆ పేరు. "త్రీ డేస్ రన్నింగ్" అంటే వరసగా మూడు రోజులు. అంకె ముందు, రన్నింగ్ వెనక ఉంటేనే ఈ అర్థం.

మీ వ్యాపారానికి కావాల్సింది రన్నింగ్ మీటర్. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతున్నా సరే, పొడవు వెంట కొలిచిన మీటరే రన్నింగ్ మీటర్. ధరలు పోల్చేటప్పుడు మోసపోయేది ఇక్కడే. 44 అంగుళాల పన్నా గుడ్డ రన్నింగ్ మీటర్ 90 రూపాయలు, 58 అంగుళాల పన్నాది 110 అనుకుందాం. మొదటిది చవకలా కనిపిస్తుంది. 44 అంగుళాలంటే 1.12 మీటర్లు, కాబట్టి చదరపు మీటరుకు 80 రూపాయలు దాటుతుంది. 58 అంగుళాలు 1.47 మీటర్లు, అది చదరపు మీటరుకు 75 లోపే. ధర అడిగినప్పుడల్లా పన్నా కూడా అడగండి. "రన్నింగ్ బ్యాలెన్స్" అంటే పాస్‌బుక్కులో ప్రతి వరస చివరా మారుతూ పోయే నిల్వ. బనియన్లు, లెగ్గింగ్‌ల లాంటి అల్లిక గుడ్డల్లో "ఎ రన్" అంటే ఒక పోగు తెగి, దాని వెంట అల్లిక నిలువునా విడిపోయిన గీత. అలాంటి లోపం ఉన్న ముక్కను వాపసు పంపేటప్పుడు ఆ మాటే రాయొచ్చు.

అమ్మాయి నోటుబుక్కును పారేయొద్దు, తిరగరాయించండి. పేజీకి మూడు నిలువు వరసలు గీయమనండి. మొదటి వరసలో రన్ అవుతున్నది, రెండో వరసలో మనం మామూలుగా అనే తెలుగు క్రియ, మూడో వరసలో సరిపోయే ఇంగ్లీషు పర్యాయపదం. నీళ్ళు, పారు, ఫ్లో. ముక్కు, కారు, డ్రిప్. సినిమా, ఆడు, లాస్ట్. తన అరవై అర్థాల్లో చాలావరకు పది పన్నెండు వరసల్లో సర్దుకుంటాయి. సర్దుకోనివి తోక మాటల పేజీలోకి పోతాయి. అక్కడ ప్రతిదానికీ తన సొంత వాక్యం ఒకటి రాయాలి, నిఘంటువులోది ఎత్తి రాయకూడదు. రోజుకు రెండు వాక్యాలు చాలు. రెండో వరసలో పుస్తకాల తెలుగు వద్దు, ఇంట్లో మాట్లాడే మాటే రాయాలి. ప్రవహించు అని రాస్తే కళ్ళకూ ముక్కుకూ అది అతకదు, కారు అంటే వెంటనే అతుకుతుంది.

పరీక్షకు ఇంకో రెండు జాగ్రత్తలు. రూపాలు రన్, ర్యాన్, రన్. మూడో రూపం మళ్ళీ మొదటి దాని లాగే ఉంటుంది కాబట్టి "హాజ్ ర్యాన్" తప్పు, "హాజ్ రన్" ఒప్పు. "రన్డ్" అనే మాట లేనే లేదు. రన్నింగ్ రాసేటప్పుడు మధ్యలో ఎన్ అక్షరం రెండుసార్లు రావాలి.

ఈసారి ఆ వ్యాపారికి సందేశం పెట్టేటప్పుడు ఈ మూడు వాక్యాలు పంపండి: "ఈజ్ ద కలర్ ఫాస్ట్? విల్ ఇట్ బ్లీడ్ ఆన్ వైట్ లైనింగ్? ప్లీజ్ సెండ్ వన్ మీటర్ శాంపిల్ బిఫోర్ డిస్పాచ్." రంగు గట్టిదేనా, తెల్ల లైనింగ్‌కు అంటుతుందా, సరుకు పంపే ముందు ఒక మీటరు నమూనా పంపండి అని దాని అర్థం. నమూనా రాగానే తెల్ల ముక్కతో కలిపి కుట్టి నానబెట్టండి, అది ఆరిన తర్వాతే ఆర్డర్ ఖాయం చేయండి.